పలక మీద పెట్ట పిలుపు

బోస్టన్‌ను ఆనుకుని ఉన్న బ్రూక్‌లైన్‌లో టర్కీ కోళ్ళు రోడ్డు దాటుతుంటే కార్లు ఆగాల్సిందే. హారన్ మోగించినా అవి కంగారు పడవు. మా మేనల్లుడి అపార్ట్‌మెంటు ముందు పచ్చికలో నాలుగైదు పెట్టలు పురుగులు ఏరుకుంటున్నాయి. వాటి చుట్టూ ఒక పుంజు పురి విప్పి, రెక్కల కొసలు సిమెంటు మీద గీరుకుంటూ పెత్తనం చేస్తోంది. తల నీలం, మెడ ఎరుపు, నెత్తి తెలుపు. ముక్కు మీంచి ఒక కండముక్క పక్కకు వేలాడుతోంది. నేను కారు దిగబోతుంటే మావాడు ఆపాడు. "ఉండత్తా, అది కాస్త అవతలికి పోనీ. నిగనిగలాడే కారు కనిపిస్తే చాలు, అందులో తన నీడ చూసి ఇంకో పుంజొచ్చిందనుకుని పొడుస్తుంది" అన్నాడు. మా కారు నల్లది. పైగా ఆ పొద్దునే కడిగింది.

రాష్ట్ర వన్యప్రాణి శాఖవాళ్ళు ఈ కోళ్ళ గురించి ఊరివాళ్ళకిచ్చే సలహాలు చదివితే నవ్వొచ్చింది. తిండి పెట్టకండి, భయపడినట్టు కనిపించకండి, మీదికొస్తే చీపురు ఝళిపించండి, గొట్టంతో నీళ్ళు కొట్టండి. ఆ పుంజుల లెక్కలో మనుషులు కూడా మందలోవాళ్ళేనట. ఎవరు పెద్దో తేల్చుకోవడమే తగాదా.

ఇదే మసాచుసెట్స్‌లో 1851 తర్వాత అడవి టర్కీ అన్నది ఒక్కటీ లేదు. ఆఖరిదాన్ని చంపింది హోల్యోక్ దగ్గరి మౌంట్ టామ్ మీద. మేం వెర్మాంట్ ప్రయాణమై పడమటికి వెళ్తున్నప్పుడు మావాడు ఆ కొండను చూపించాడు. పెద్ద గొప్ప కొండేం కాదు, మా నల్లమల ముందు నిలబడదు. తర్వాత నూటఇరవై ఏళ్ళపాటు ఆ పిట్ట బొమ్మల్లోనూ, థాంక్స్‌గివింగ్ బల్లమీద ఫారం కోడి రూపంలోనూ తప్ప ఇక్కడ కనపడలేదు. 1972, 73 సంవత్సరాల్లో న్యూయార్క్ రాష్ట్రంలో పట్టిన 37 పిట్టల్ని తెచ్చి బర్క్‌షైర్ కొండల్లో, బేర్‌టౌన్ అడవిలో వదిలారు. ఇప్పుడు రాష్ట్రంలో 30 వేలకు పైగా ఉన్నాయి. పోస్టుమాన్లను తరిమేంతగా పెరిగాయి.

బర్క్‌షైర్ కొండలు దాటి ఏడో నంబరు రోడ్డు పట్టుకుని ఉత్తరానికి పోతుంటే వసంతం వెనక్కి నడిచింది. బోస్టన్‌లో ఆకులు పూర్తిగా విచ్చుకున్న చెట్లు, పిట్స్‌ఫీల్డ్ దగ్గర సగం విచ్చుకున్నాయి. బెన్నింగ్టన్ దాటేసరికి కొమ్మల కొసన ఎర్రటి మొగ్గలే. మాంచెస్టర్ తర్వాత చిన్న రోడ్డులోకి మళ్ళి డోర్సెట్ మీదుగా మెటావీ నది లోయలోకి దిగాం. ఇరుకు లోయ. రెండు పక్కలా అడవి కప్పిన కొండలు, మధ్యలో పాడి పొలాలు, ఎర్ర కొట్టాలు, పచ్చికంతా పసుపచ్చ డాండెలైన్ పూలు. ఎదురొచ్చే ప్రతి డ్రైవరూ స్టీరింగు మీంచి రెండు వేళ్ళు పైకెత్తుతున్నాడు. తెలిసినవాళ్ళా అని అడిగితే, "కాదత్తా, ఇక్కడ అదే నమస్కారం" అన్నాడు మావాడు. రెండు వేళ్ళే. చేయంతా ఎత్తితే మర్యాద ఎక్కువైపోతుంది కాబోలు.

మేం దిగింది పాలెట్ అనే ఊరి పొలిమేరలో, మావాడితో పనిచేసిన ఒకమ్మాయి పుట్టింట్లో. వాళ్ళ నాన్నకు డెబ్బై దాటాయి. ఒంటి మనిషి, కుక్క తోడు. వయసంతా పలక క్వారీల్లో పనిచేశాడు. ఈ లోయనే స్లేట్ వ్యాలీ అంటారు. వెర్మాంట్, న్యూయార్క్ సరిహద్దు వెంట సాగే పలక రాతి పట్టీ. ఆకుపచ్చ, ఊదా, బూడిద రంగు రాయి ఇక్కడ దొరుకుతుంది. ఎర్రది మాత్రం సరిహద్దుకు అవతల, గ్రాన్‌విల్ వైపు. పందొమ్మిదో శతాబ్దంలో వేల్స్ దేశం నుంచి రాతిపనివాళ్ళు వచ్చి ఈ గనులు తవ్వారు. రోడ్డు పక్కన పనికిరాని పలకల గుట్టలు ఇళ్ళకంటే ఎత్తుగా ఉన్నాయి. పాడి కొట్టాల మీద కూడా రెండు రంగుల పలకలతో వంద ఏళ్ళనాటి కప్పులు.

నాకు ఆ గుట్టల దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. మాది మార్కాపురం. అక్కడ పుట్టిన పిల్లకు పలక గని కొత్తేం కాదు. అదే పొరలు పొరలుగా ఊడొచ్చే రాయి, అదే సన్నని దుమ్ము, తడిస్తే అదే వాసన. మా ఊరి రాయి చెక్క చట్రంలో దిగి తెలుగునాట బడి పిల్లల చేతుల్లోకి వెళ్ళింది. వీళ్ళది ఇళ్ళ నెత్తికెక్కింది. ఈ సంగతి పెద్దాయనకు చెబితే, ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్ళి అరచేతిలో ఇమిడే గుండ్రటి చెక్క గిన్నె తెచ్చాడు. గిన్నె మూతిలో ఊదారంగు పలక బిళ్ళ బిగించి ఉంది. సన్నని కర్రపుల్లను పలక మీద ఆనించి చిన్న చిన్న సున్నాలు చుట్టాడు. పిట్ట పలికింది. కీచుగా మొదలై బొంగురుగా తెగే పిలుపు, ఒకదాని వెనక ఒకటి, ఆరేడు. టర్కీ పెట్ట పుంజును పిలిచే కూత.

ఈ లోయలో మొగవాళ్ళు, కొందరు ఆడవాళ్ళు కూడా, మే నెలంతా చేసే పని ఇదే. తెల్లారకముందే అడవిలో చెట్టుకు వీపు ఆనించి కూర్చుని, పెట్ట గొంతు ఎత్తుకుని పుంజును పిలవడం. వెర్మాంట్‌లో వసంత కాలపు టర్కీ వేట మే 1 నుంచి 31 వరకు. సూర్యోదయానికి అరగంట ముందు మొదలై మధ్యాహ్నం పన్నెండుకు ఆగిపోవాలి. ఒక మనిషికి రెండు పిట్టలు, అవీ గడ్డం ఉన్నవే. రొమ్ము మధ్యనుంచి గుర్రపు వెంట్రుకల కుచ్చులా వేలాడేదాన్ని గడ్డం అంటారు. దాదాపు మగవాటికే ఉంటుంది. రైఫిల్ కూడదు. షాట్‌గన్ కానీ విల్లు కానీ పట్టాలి. ఎర వేయకూడదు, కరెంటుతో మోగే కూత పరికరం వాడకూడదు, బతికున్న పిట్టను దీమంగా కట్టకూడదు, నలుగురు కలిసి తోలకూడదు. చంపినదాన్ని 48 గంటల్లోపు లెక్క రాయించాలి. పెద్దాయన ఇవన్నీ వేళ్ళమీద చెబుతుంటే, మా వైపు కౌజుపిట్టను పంజరంలో పెట్టి మిగతావాటిని రప్పించే వేటగాళ్ళు గుర్తొచ్చారు. ఆ విద్యలన్నీ ఒకటొకటిగా ఇక్కడ నిషేధం. మనిషికి మిగిలింది గొంతు, ఓపిక.

ఇంత కష్టపెట్టుకుని మగవాటినే ఎందుకు వేటాడతారంటే, లెక్క తేలికే. ఒక పుంజు చాలా పెట్టలతో జతకడుతుంది. మే వచ్చేసరికి ఎక్కువ పెట్టలు గుడ్లు పెట్టేసి పొదగడానికి కూర్చుంటాయి. అప్పుడు కొన్ని పుంజులు పోయినా మరుసటి ఏడాది పిల్లలకు లోటుండదు. పెట్ట ఒక్కసారికి పది పన్నెండు గుడ్లు పెడుతుంది, 28 రోజులు పొదుగుతుంది. అందుకే పెట్ట పోతే లెక్క తప్పుతుంది.

రాత్రి భోజనం దగ్గర ఆయన నోరు కాస్త విప్పాడు. వెర్మాంటువాళ్ళు మాటల్లో పొదుపరులని మావాడు ముందే చెప్పాడు. కానీ ఈ పిట్ట సంగతొస్తే ఆయనకు పొదుపు లేదు. 1811లో విలియం జార్విస్ అనే ఆయన పోర్చుగల్ నుంచి మెరినో గొర్రెల్ని ఈ రాష్ట్రానికి తెచ్చాడు. ఉన్ని గిరాకీ పెరిగింది. 1840 నాటికి వెర్మాంట్‌లో దాదాపు 17 లక్షల గొర్రెలు, అంటే మనిషికి ఆరు చొప్పున. వాటి మేతకోసం కొండలన్నీ గీకేశారు. మూడొంతుల రాష్ట్రం బోడి అయింది. చెట్టు లేకపోతే టర్కీ లేదు. రాత్రిళ్ళు కొమ్మ మీదే పడుకుంటుంది, చలికాలం ఓక్, బీచ్ కాయలు తిని బతుకుతుంది. ఉన్న కాసినీ తుపాకులకు పోయాయి. తర్వాత ఉన్ని ధర పడిపోయింది, జనం పడమటి రాష్ట్రాల్లో మంచి నేలలకు వలసపోయారు, పొలాలు పడావు పడ్డాయి. ఎవరూ నాటకుండానే అడవి తిరిగొచ్చింది. ఇప్పుడు మూడొంతులు అడవి, ఒక వంతు తెరిపి. గొర్రెల దొడ్లకు కట్టిన రాతిగోడలు నట్టడవిలో అట్లాగే నిలబడి ఉన్నాయి.

అడవి దానంతటదే వచ్చింది కానీ పిట్ట రాలేదు. దాన్ని మనుషులే తేవాల్సొచ్చింది, తేవడం నేర్చుకోవడానికి మూడు నాలుగు దశాబ్దాలు పట్టింది. మొదట ఫారాల్లో పొదిగించిన పిల్లల్ని వేల సంఖ్యలో అనేక రాష్ట్రాల్లో వదిలారు. అవి నక్కను చూసి పారిపోవాలన్నది ఎరగవు. తల్లి నేర్పలేదు, రక్తంలోనూ లేదు. స్టార్కర్ లియోపోల్డ్ అనే శాస్త్రవేత్త మిస్సోరి అడవుల్లో పరిశీలించి, అడవి గుణం పుట్టుకతో వచ్చేదని 1944లో రాశాడు. అంటే అడవి పిట్టనే పట్టి తేవాలి. అదేమో మనిషి అలికిడి అయితే చాలు మాయమవుతుంది. 1951లో దక్షిణ కరోలినా అడవుల్లో ఫిరంగి వలతో మొదటిసారి టర్కీలను పట్టారు. బాతుల కోసం కనిపెట్టిన వల అది: గింజలు చల్లి, పిట్టలు గుమిగూడగానే చిన్న ఫిరంగి గొట్టాలు పేల్చి వాటిమీదికి వల విసురుతారు. ఆ వల దొరికాక ఒక రాష్ట్రం ఇంకో రాష్ట్రానికి పిట్టలు ఇచ్చిపుచ్చుకోవడం మొదలైంది. వెర్మాంట్‌కు 1969, 70లలో న్యూయార్క్ నుంచి వచ్చినవి 31. వాటిని వదిలింది ఇదే పాలెట్ ఊళ్ళో, ఉత్తరాన హబ్బర్డ్‌టన్‌లో. 1973కే తొలి వేట. ఇంకొన్నేళ్ళకు ఇక్కడి పిట్టలు 41 మెయిన్ రాష్ట్రానికి వెళ్ళాయి. ఇప్పుడు వెర్మాంట్‌లో 45 వేల నుంచి 50 వేల దాకా ఉన్నాయని అంచనా. 31 పిట్టల సంతానం!

పెద్దాయన ఈ కథ చెప్పేటప్పుడు, తన మేనత్తలు పినతండ్రులు ఏ ఊరినుంచి ఏ ఊరికి కాపురానికి వెళ్ళారో చెబుతున్నంత ఇదిగా చెప్పాడు. నేనూ ఊరుకోలేదు. 1612లో గోవా నుంచి ముకర్రబ్ ఖాన్ తెచ్చిన వింతల్లో ఒక టర్కీ కోడి ఉందనీ, జహంగీరు ముచ్చటపడి ఉస్తాద్ మన్సూర్ చేత బొమ్మ వేయించాడనీ, ఆ బొమ్మ లండన్‌లో ఒక మ్యూజియంలో ఉందనీ చెప్పాను. మెక్సికోలో మచ్చికైన కోడి యూరప్ మీదుగా మొగలు దర్బారు దాకా వెళ్ళిపోయింది. దాని అడవి చుట్టాలు ఇక్కడ అంతరించబోయి బతికాయి. "రాజుగారు తిన్నాడా?" అన్నాడు పెద్దాయన. చూసి ఊరుకున్నట్టే ఉంది అన్నాను. ఆయనకు నమ్మకం కుదరలేదు.

తెల్లవారుజామున మూడున్నరకు లేపాడు. ఆకుల గుర్తులున్న కోటు ఒకటి ఇచ్చి, ఎరుపు, తెలుపు, నీలం ఒంటిమీద ఎక్కడా కనపడకూడదన్నాడు. ఆ మూడూ పుంజు తల రంగులు. పొదల్లో ఆ రంగు కదిలితే ఇంకో వేటగాడు పిట్టనుకుని కాల్చే ప్రమాదం ఉంది. నా నుదుటివైపు చూసి మొహమాటపడ్డాడు. నేనే అర్థం చేసుకుని ఎర్ర స్టిక్కరు తీసి నల్లది పెట్టుకున్నాను.

మేం వెళ్ళిన అడవి పక్కింటివాళ్ళది. వెర్మాంట్ రాజ్యాంగంలోనే, 1777 నాటినుంచి, కంచె వేయని నేలలో కాలానుగుణంగా వేటాడే హక్కు జనానికుంది. బోర్డు పెట్టని స్థలంలోకి ఎవరైనా వెళ్ళొచ్చు. అయినా పెద్దాయన ఏటా మేపుల్ పాకం సీసా ఒకటి పట్టుకెళ్ళి అడిగి వస్తాడు. నలభై గాలన్ల చెట్టు నీరు కాస్తే ఒక గాలను పాకం వస్తుంది. ఆ సీసా చిన్న కానుకేం కాదు. చట్టమిచ్చిన హక్కును అడిగి తీసుకోవడం నాకు నచ్చింది. మనవైపు చట్టమివ్వనిదాన్ని కూడా అడక్కుండా తీసుకోవడం అలవాటు.

కొండవాలులో ఒక రాతిగోడ పక్కన పెద్ద మేపుల్ చెట్టు మొదట్లో కూర్చున్నాం. ముందు ముప్ఫై అడుగుల దూరాన రబ్బరు పెట్టను పుల్లకు గుచ్చి నిలబెట్టాడు. మసక చీకటి. ఆయన రెండు చేతులూ నోటి దగ్గర దోసిలిపట్టి గుడ్లగూబ కూత కూశాడు. కొండ పైనుంచి వెంటనే బదులు. గొంతులో నీళ్ళు పోసుకుని గలగలలాడించినట్టు, ఒక్కసారిగా పగిలి లోయంతా దొర్లిన అరుపు. వసంతంలో పుంజుకు ఏ పెద్ద చప్పుడు విన్నా ఆగదట. గుడ్లగూబ, కాకి, దూరంగా రైలు కూత, కారు తలుపు వేసిన చప్పుడు, దేనికైనా తిరిగి అరుస్తుంది. దాన్నిబట్టి ఏ చెట్టుమీద పడుకుందో తెలుసుకుంటారు.

తర్వాత పలక తీశాడు. చాలా మెల్లగా, నిద్రలేచిన పెట్ట గొణిగినట్టు రెండు ముక్కలు గీసి ఆపేశాడు. పుంజు అరిచింది. ఈయన పలకలేదు. అది మళ్ళీ అరిచింది. ఈయన మౌనం. నాకే ఉండబట్టలేదు. ఇందులో కిటుకు ఏమిటంటే, అడవి రివాజు ప్రకారం పుంజు ఉన్నచోటే నిలబడి అరవాలి, పెట్ట దాని దగ్గరికి నడిచిపోవాలి. వేటగాడు ఆ రివాజును తిరగేయాలి. బెట్టు చేసే పెట్టగా నటించాలి. ఎక్కువ పిలిస్తే అది కొండమీదే కాళ్ళు పాతుకుని ఇటే వస్తుందిలే అని ఎదురుచూస్తుంది. తక్కువ పిలిస్తే ఇంకో పెట్ట దొరికి వెళ్ళిపోతుంది.

ఆ ఎదురుచూపు గంటన్నర. కదలకూడదు. నల్ల ఈగలు, దోమలో సగం ఉండేవి, చెవుల వెనక చేరి రక్తం తాగాయి. తెల్లారుతున్నకొద్దీ గోడ అవతల ఎర్ర ట్రిలియం పూలు, అడవి ఉల్లి ఆకులు, చుట్టచుట్టుకున్న ఫెర్న్ మొలకలు ఒక్కొక్కటీ కనిపించాయి. నాకు మాత్రం రోళ్లపాడు కళ్ళముందుకొచ్చింది.

మా నల్లమలకు అవతలి పక్క, నందికొట్కూరు దగ్గర, బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. టర్కీలాగే నేలమీద తిరిగే పెద్ద పిట్ట. అదీ మగది గొంతు సంచి ఉబ్బించి ఆడదాన్ని పిలుస్తుంది. నేను చూడబోయిన ఏడు బోర్డుమీద బొమ్మ ఉంది, గడ్డిలో కృష్ణజింకలున్నాయి, పిట్ట లేదు. స్వేచ్ఛగా తిరిగేవి దేశమంతా కలిపి దాదాపు 150 అంటున్నారు, దాదాపు అన్నీ రాజస్థాన్‌లో. జైసల్మేర్ దగ్గర పొదిగించి పెంచుతున్నారు. మనం దాని వేట 1972 చట్టంతో పూర్తిగా మాన్పించాం. అమెరికావాడు తన పిట్టను వేటాడుతూనే పెంచుకున్నాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి, చూశారా తుపాకులిస్తేనే పిట్టలు బతుకుతాయి అని చెప్పేవాళ్ళున్నారు. నాకు ఆ మాట తప్పనిపిస్తుంది. బట్టమేక ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది. టర్కీ లెక్క దానికి వర్తించదు, ఒక్క తూటాను కూడా ఓర్చుకోలేదు. పైగా ఇక్కడ గొర్రెలు పోయి అడవి తిరిగొచ్చింది. అక్కడ కాలువ నీళ్ళొచ్చి, వర్షాధారపు జొన్న చేలు పోయి, గడ్డి నేల సాగులోకి వెళ్ళింది. బట్టమేకను ముందుగా వెళ్ళగొట్టింది తుపాకీ కంటే నాగలి.

కానీ ఇంకో సంగతి మాత్రం మింగుడుపడలేదు. రోళ్లపాడు చుట్టుపక్కల రైతుకు ఆ పిట్ట బతికితే వచ్చేదేమిటి? జింకలు పెరిగి చేలు మేస్తే ఆ కోపం పిట్ట ఖాతాలో పడింది. ఇక్కడ పాలెట్‌లో పాడిరైతు ఆ కోళ్ళను మొక్కజొన్న చేలో చూసి విసుక్కుంటాడు, నిజానికి రాత్రిపూట మేసేది జింకలూ రకూన్‌లూ, పగలు కనబడి మాటపడేది ఇవి. అయినా చలికాలం నడుంలోతు మంచులో అవి బతికేది అతని పాడి పేడలోంచి గింజలేరుకునే. మే నెలలో ఆ పొలంలోకి పాకం సీసాతో ఎవరో ఒకరు వస్తారు. ఈ పిట్ట చుట్టూ అడిగేవాళ్ళు, కసిరేవాళ్ళు, లెక్కరాసేవాళ్ళు, డబ్బు కట్టేవాళ్ళు ఉన్నారు. మన పిట్ట చుట్టూ ఒక కంచె, ఒక వాచరు.

డబ్బు సంగతి పెద్దాయన తన తూటా పెట్టె చూపించి చెప్పాడు. 1937లో పిట్‌మన్, రాబర్ట్‌సన్ అనే ఇద్దరు చట్టసభ సభ్యుల పేరుమీద ఒక చట్టం వచ్చింది. పొడవాటి తుపాకులు, తూటాల అమ్మకం మీద కట్టించుకునే 11 శాతం పన్ను నేరుగా రాష్ట్రాల వన్యప్రాణి పనులకు పోతుంది. లైసెన్సు డబ్బు కూడా వేరే ఖర్చులకు మళ్ళించకూడదు. ఫిరంగి వలలు, లారీలు, పిట్టల్ని లెక్కపెట్టే ఉద్యోగుల జీతాలు చాలావరకు ఆ సొమ్మే. 1973లో నేషనల్ వైల్డ్ టర్కీ ఫెడరేషన్ పుట్టేనాటికి దేశంలో దాదాపు 13 లక్షల పిట్టలు ఉండేవి. ఇప్పుడు 60 లక్షల దాకా ఉన్నాయంటారు. అయితే అంతా పెరుగుదలే కాదు. మిస్సోరిలో, దక్షిణాది రాష్ట్రాల్లో కొన్నేళ్ళుగా తగ్గుతున్నాయి. జార్జియా 2022లో వేట వారం ఆలస్యంగా మొదలుపెట్టి, మూడు పిట్టల పరిమితిని రెండుకు దించింది. పిట్ట పెరిగితే వేట పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఆ ముడి ఊడకపోవడమే ముఖ్యం. ఇంకో బెంగ కూడా ఉందాయనకు. వేటగాళ్ళే తగ్గిపోతున్నారు. ఆయన మనవడు ఏప్రిల్ చివర పిల్లలకిచ్చే ప్రత్యేక వేట రోజులకు రమ్మంటే ఒకసారి వచ్చి, చలి అని మళ్ళీ రాలేదు.

ఇదంతా తర్వాత చెప్పింది. చెట్టుకింద మాటల్లేవు. మొదట ఒక కుర్ర పుంజు వచ్చింది, వేలెడు గడ్డంతో. చట్టప్రకారం కాల్చొచ్చు. ఆయన కాల్చలేదు. అది రబ్బరు పెట్ట చుట్టూ తిరిగి, ఏ సమాధానమూ రాక, తల గీరుకుని పోయింది. ఆ వెనకే పెద్దది. గోడమీదికి ఎగిరి నిలబడింది. ఎండ అప్పుడే కొమ్మల్లోంచి దిగుతోంది. ఈకలు నలుపనుకున్నాను, కాదు, రాగి, ఆకుపచ్చ, బంగారం, ఒక్కో అడుగుకు ఒక్కో రంగు. గోడ దిగి పురి విప్పింది. రొమ్ములోంచి గుమ్మనే ఒక మోత, చెవికి వినిపించడం కంటే కూర్చున్న నేలలో తెలిసింది. పెద్దాయన నాలుకతో ఒక్కసారి టక్‌మనిపించాడు. అది మెడ నిక్కించింది. తుపాకీ పేలింది.

పిట్ట రెక్కలు కొట్టుకోవడం ఇంకా చాలాసేపు సాగిందనిపించింది, నిజానికి కొద్ది క్షణాలే. ఆయన దగ్గరికెళ్ళి మోకాలిమీద కూర్చుని రెక్క మీద చెయ్యి వేసి ఉంచాడు. తల ఎరుపు చూస్తుండగానే పాలిపోయింది. కాళ్ళకు అంగుళం దాటిన ముళ్ళు. నాకు ఏడుపు రాలేదు, సంతోషమూ కలగలేదు. ఆదివారం ఆదివారం షాపువాడు కవర్లో కట్టిచ్చే ముక్కలు తినేదాన్ని, ఇక్కడ ముఖం చిట్లించే హక్కు నాకు లేదు. అట్లాగని ఆ పుంజు పిలుపు నమ్మి రావడం, ఆ పిలుపు పలక మీద గీసింది కావడం ఇప్పటికీ నాకు సరిపడలేదు. ఆయనతో ఆ మాటే అన్నాను. కాసేపు ఆలోచించి, "నాకూ పూర్తిగా సరిపడదు. అది పోయిన రోజున తుపాకీ అమ్మేస్తాను" అన్నాడు. పది కిలోల పిట్టను భుజాన వేసుకుని ముందు నడిచాడు.

ఆ సాయంత్రం వంటింట్లో రెండు వంటలు. రొమ్ము ముక్కల్ని ఆయన పలచగా కోసి, గుడ్డులో ముంచి, రొట్టెపొడి అద్ది వెన్నలో వేయించాడు; పక్కన ఉడికించి వెన్న పూసిన ఫెర్న్ మొలకలు, మన తోటకూర కాడకూ చిక్కుడుకూ మధ్య రుచి. ఫారం కోడిలా దూదిగా లేదు మాంసం. నమిలితే నమిలినంత రుచి ఇచ్చింది. ఉప్పు తప్ప ఏమీ లేకపోవడం ఒక్కటే కష్టం. కాళ్ళను మాత్రం ఆయన పక్కన పడేశాడు. అడవుల్లో నడిచి నడిచి వాటి నరాలు ఎముకల్లా గట్టిపడతాయి. ఎంత వేయించినా లొంగవట, సూపుకు తప్ప పనికిరావట.

మాతో వచ్చిన మా మేనల్లుడి భార్య ఆ కాళ్ళవైపు, నావైపు చూసింది. ఆ పిల్ల ఎక్కడికెళ్ళినా పసివాడి పప్పుకోసం మూడు లీటర్ల కుక్కరూ, మసాలా డబ్బా కారులో వేసుకొస్తుంది. ఉల్లిపాయలు వేగాయి, అల్లం వెల్లుల్లి, మా ఊరి కారం, ధనియాల పొడి, గసగసాల ముద్ద. కిటికీలన్నీ తెరిచాం, ఘాటుకు కుక్క బయటికి పారిపోయింది. పెద్దాయన గుమ్మంలో నిలబడి తుమ్ముతూ చూస్తున్నాడు. మూత పెట్టాక నేను ఆరు విజిల్సు అన్నాను. ఆ పిల్ల, "ఇది నాటుకోడి కాదత్తయ్యా, పది కావాలి" అంది.

మొదటి విజిల్‌కు పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. రెండోదానికి నవ్వాడు. మూడోది కూసి ఆగిందో లేదో, కొండ పైనుంచి, పొద్దున్న మేం కూర్చున్న చోటుకు ఎగువన, ఒక పుంజు గలగలమని బదులిచ్చింది. ఆయన నవ్వు ఆగిపోయింది. చేతిలో గరిటె బల్లమీద పెట్టి, వాకిట్లోకి పరుగెత్తి, చెవి ఒగ్గి నిలబడ్డాడు. ఆయనకు ఇంకో పిట్ట బాకీ ఉంది. కరెంటు కూతలు కూడదన్నారు గానీ కుక్కరు మాట రూల్సు పుస్తకంలో లేదు, పైగా ఇది వేట వేళ కూడా కాదు, అన్నాను. ఆయన వినిపించుకోలేదు. నోట్‌బుక్కు తీసి ఏదో గీసుకుంటూ లోపలికి కేకేశాడు: స్టవ్వు ఆపొద్దు, ఇంకో రెండు రానివ్వండి, ఏ చెట్టో సరిగ్గా తెలియడం లేదు!